ప్లాస్టిక్ నమూనా కిట్

ప్లాస్టిక్ నమూనా కిట్ అనగా ఒక విమానాన్ని, ఓడను, వాహనాన్ని లేదా మనిషి ఆకృతిని ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, ప్లాస్టిక్ భాగాలుగా అచ్చుపోసి, కొన్నవారు స్వయంగా అతికించి రంగులు వేసుకొనుటకు వీలుగా పెట్టెలో పెట్టి అమ్మే సామగ్రి. ఈ భాగాలను కూర్చి, సూక్ష్మమైన వివరాలు చేర్చి, రంగులు వేయడం ప్రపంచమంతటా పిల్లలకు, పెద్దలకు కూడా అభిరుచిగా ఉన్నది. విమానాలు, యుద్ధ ట్యాంకులు, ఓడలు, జలాంతర్గాములు, కార్లు, రైళ్ళు, అంతరిక్ష నౌకలు ఈ కిట్లలో ఎక్కువగా కనిపిస్తాయి.

బొమ్మకు, నమూనాకు గల ప్రధానమైన భేదం కొలత. తెలుగునాట బొమ్మల తయారీకి దీర్ఘకాల సంప్రదాయం ఉన్నది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో, ఏటికొప్పాకలో అంకుడు కర్ర మరియు లక్కతో బొమ్మలు చేస్తారు. చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతం కాల్చిన మట్టి బొమ్మలకు పేరు పొందినది. కొండపల్లి బొమ్మలో కూడా అవయవాలను విడివిడిగా చెక్కి, మక్కుతో అతికి, నునుపు చేసి, తరువాత రంగులు వేస్తారు. పనిలోని ఈ క్రమం ప్లాస్టిక్ నమూనా పనికి చాలా దగ్గరగా ఉంటుంది. అయితే దసరా, సంక్రాంతి బొమ్మల కొలువులో దేవుని బొమ్మ పక్కనున్న ఇంటికంటే పెద్దదిగా ఉన్నా ఎవరూ తప్పుపట్టరు. నమూనాలో అలా కుదరదు. అందులోని ప్రతి భాగం అసలు వస్తువు నుండి ఒకే నిష్పత్తిలో తగ్గాలి.

స్కేలు

అసలు వస్తువు పొడవుకు, నమూనా పొడవుకు గల నిష్పత్తిని స్కేలు అంటారు. 1/72 స్కేలు అంటే అసలు వస్తువులోని 72 సెంటీమీటర్లు నమూనాలో 1 సెంటీమీటరు అవుతాయని అర్థం. 72, 48 వంటి సంఖ్యలు అడుగులు, అంగుళాల లెక్క నుండి వచ్చినవి. 1/72లో 6 అడుగులు ఒక అంగుళమవుతాయి. 1/48లో ఒక అడుగు పావు అంగుళమవుతుంది.

168 సెంటీమీటర్ల ఎత్తు గల మనిషి వివిధ స్కేళ్ళలో ఎంత ఉంటాడో ఈ క్రింద చూడవచ్చును.

1/24 (కార్లు) – 7 సెం.మీ.
1/35 (ట్యాంకులు, సైనిక వాహనాలు) – 4.8 సెం.మీ.
1/48 (విమానాలు) – 3.5 సెం.మీ.
1/72 (విమానాలు) – 2.3 సెం.మీ.
1/144 (పెద్ద విమానాలు) – 1.2 సెం.మీ.
1/350 (ఓడలు) – దాదాపు 5 మి.మీ.
1/700 (ఓడలు) – 2.4 మి.మీ.

పొడవు 72వ వంతుకు తగ్గినప్పుడు ఉపరితల వైశాల్యం 5,184వ వంతుకు, ఘనపరిమాణం 3,73,248వ వంతుకు తగ్గుతాయి. ఇందువలన కొన్ని వివరాలను యథాతథంగా అచ్చుపోయుట సాధ్యం కాదు. విమానం పైపూతగా ఉండే 1.5 మి.మీ. మందపు లోహపు రేకు 1/72లో 0.02 మి.మీ. కావాలి. అంత పలుచగా ప్లాస్టిక్‌ను పోయలేరు కనుక రెక్కల అంచులు, తలుపులు కిట్‌లో కొంత దళసరిగానే ఉంటాయి. అనుభవం గలవారు వాటిని లోపలివైపు నుండి అరగదీసి పలుచన చేస్తారు.

చరిత్ర

కిట్ల ఆరంభం

ప్లాస్టిక్ విమాన కిట్లను మొదట విక్రయించినది ఇంగ్లాండు. 1936లో అక్కడ 'ఫ్రాగ్ పెంగ్విన్' పేరుతో 1/72 స్కేలు కిట్లు వెలువడినవి. వీటిని సెల్యులోజ్ అసిటేట్‌తో చేసేవారు. కాలక్రమంలో ఈ పదార్థం వంకరలు పోవుట వలన నాటి నమూనాలు చెక్కుచెదరకుండా దొరకడం అరుదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నమూనాలకు ఆట వస్తువుల స్థాయిని మించిన అవసరం ఏర్పడినది. ఆకాశంలో కనిపించే విమానం తమదో శత్రువుదో క్షణాలలో గుర్తించుట నేర్పడానికి 1942లో అమెరికా నౌకాదళం పాఠశాలల విద్యార్థులచేత 1/72 స్కేలులో కర్ర విమానాలు చేయించినది. 5 లక్షల నమూనాలు కావాలని కోరారు. 35 అడుగుల దూరం నుండి చూసినప్పుడు 1/72 నమూనా, 2,520 అడుగుల దూరంలో, అనగా దాదాపు అర మైలు దూరంలో ఉన్న అసలు విమానమంత కనిపిస్తుంది. ఇక్కడ కొలత తప్పితే గుర్తింపు తప్పుతుంది. గుర్తింపు తప్పితే సొంత విమానంపైనే కాల్పులు జరుగుతాయి. కనుక పిల్లలు చేసిన నమూనాలను కొలతలతో సరిచూసిన తరువాతే స్వీకరించేవారు.

యుద్ధానంతరం

యుద్ధం తరువాత పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్, దానిని కరిగించి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపే యంత్రాలు వాడుకలోకి వచ్చుటతో కిట్ల తయారీ సులువైనది. 1939లో నికొలస్ కోవ్ లండనులో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ మొదట గాలి నింపే బొమ్మలు, తరువాత దువ్వెనలు చేసేది. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ల ప్రచారం కోసం ఆ ట్రాక్టరు నమూనాను చేసి ఇచ్చినది. రాయలసీమ రైతులకు పరిచయమైన మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరు పేరులోని ఫెర్గూసన్ ఇదే. 1952లో 'గోల్డెన్ హైండ్' ఓడ కిట్‌ను, 1953లో స్పిట్‌ఫైర్ విమానం కిట్‌ను ఈ సంస్థ తక్కువ ధరకు అమ్మినది. మొదటి స్పిట్‌ఫైర్‌లో కొలతల లోపాలుండగా కొన్నేళ్ళలోనే కొత్త అచ్చు తయారైనది.

అమెరికాలో 1943లో స్థాపించబడిన రెవెల్ సంస్థ 1953లో 'మిస్సోరీ' యుద్ధనౌక కిట్‌ను విడుదల చేసినది. జపానులోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ 1960లో 'యమాటో' యుద్ధనౌకతో ప్లాస్టిక్ కిట్లలోకి ప్రవేశించినది. ఆ తరువాత వచ్చిన ట్యాంకు కిట్‌లో మోటారు, బ్యాటరీలు పట్టేటట్లుగా పరిమాణం నిర్ణయించగా అది సుమారు 1/35 వచ్చినది. బ్యాటరీ కొలత నుండి పుట్టిన ఆ సంఖ్యయే సైనిక వాహనాల నమూనాలకు ప్రపంచ ప్రమాణంగా స్థిరపడినది. 1971లో షిజువోకాలోని నాలుగు సంస్థలు కలిసి నీటిమట్టం వరకే కనిపించే 1/700 ఓడల వరుసను ఆరంభించినవి. 1980లో బండాయ్ సంస్థ 'గుండం' యంత్రమానవుల కిట్లను తెచ్చినది.

1963లో ఇంగ్లాండులో అంతర్జాతీయ ప్లాస్టిక్ మోడలర్ల సంఘం ఏర్పడినది. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 2006లో హార్న్‌బీ సంస్థ చేతికి వచ్చినది. 2010వ దశకంలో ఆ కిట్లలో అనేకం భారతదేశంలో అచ్చుపోయబడినవి.

కిట్‌లో ఉండేవి

పెట్టె తెరవగానే భాగాలు విడివిడిగా కాక, ఒక చట్రానికి అంటుకొని ఉంటాయి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ప్రవహించిన కాలువలే చల్లారి ఈ చట్రమవుతాయి. దీనిని స్ప్రూ అంటారు. ప్రతి భాగం పక్కన ఒక సంఖ్య ఉంటుంది. వీటితోపాటు కిటికీలు, విమాన చాలకుని గది పైకప్పు వంటి పారదర్శక భాగాలు, నీటిలో నానవేసి అంటించే డికాల్ గుర్తుల కాగితం, దశలవారీ చిత్రాలతో సూచనల పత్రం ఉంటాయి. రంగులు, జిగురు సాధారణంగా విడిగా కొనవలెను.

తయారీ విధానం

భాగాలను విడదీయుట

మొదట స్ప్రూలను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. లేనిచో అచ్చుకు పూసిన నూనె భాగాలపై మిగిలి రంగు పట్టదు. భాగాన్ని చేతితో విరిచినచో అంచు ఊడివస్తుంది కనుక నిప్పర్‌తో కొంచెం ఎడంగా కత్తిరించి, మిగిలిన ముక్కను కత్తితో, సన్నని ఆకురాయితో సవరిస్తారు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ఏర్పడే గీతను, అచ్చులోనుండి భాగాన్ని నెట్టే పిన్నుల గుండ్రని గుర్తులను, ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఏర్పడే గుంటలను ఈ దశలోనే చూసుకోవలెను.

అతికించుట

జిగురు పెట్టకముందు భాగాలను ఒకసారి ఉత్తినే పెట్టి సరిపోయినదీ లేనిదీ చూడడం ముఖ్యం. నమూనాలు పాడగుటకు తొందరపాటే ఎక్కువసార్లు కారణం. ఈ పనికి వాడే ద్రావణి జిగురు కాగితపు జిగురు వంటిది కాదు. ఇది రెండు ప్లాస్టిక్ తలాలను కొద్దిగా కరిగించి ఏకం చేస్తుంది. ద్రావణి ఆవిరైపోగానే అతుకు గట్టిపడుతుంది. రంగు వేసిన తలంపై ఇది పనిచేయదు కనుక అతుకు వద్ద రంగును గీకివేయాలి. లోహపు ముక్కలకు, రెసిన్ భాగాలకు సూపర్ గ్లూ వాడతారు. పారదర్శక భాగాలకు మాత్రం సూపర్ గ్లూ పనికిరాదు. దాని ఆవిరి వలన అవి తెల్లగా మసకబారుతాయి. వాటికి ఫెవికాల్ వంటి తెల్లని జిగురు మేలు.

ముక్కు క్రింద ఒక చక్రం, రెక్కల వద్ద రెండు చక్రాలు గల విమానాలలో ముక్కు లోపల బరువు పెట్టి మూయవలెను. ఇది మరచినచో పూర్తయిన విమానం తోకపై కూలబడుతుంది. అప్పుడు సరిదిద్దుటకు నమూనాను మరల విప్పవలసివస్తుంది.

సందులు పూడ్చుట

అతుకుల వద్ద మిగిలిన సందులను పుట్టీతో పూడుస్తారు. గోడలకు రంగు వేసేవారు లప్పం పెట్టడం వంటిదే ఈ పని. ఎండిన తరువాత గరుకు కాగితాన్ని నీటిలో తడిపి, ముందు ముతక రకంతో, తరువాత నాజూకు రకంతో రుద్దవలెను. వేలికి తగలని గీత కూడా రంగు వేసిన తరువాత కంటికి కనబడుతుంది. కనుక ముందుగా ప్రైమర్ పూసి లోపాలను వెదకి, మరల సవరిస్తారు.

రంగులు వేయుట

ఎనామిల్, అక్రిలిక్, లాకర్ అని మూడు రకాల రంగులు వాడుకలో ఉన్నవి. ఎనామిల్ నెమ్మదిగా ఆరుతుంది. కుంచె గీతలు కనబడకుండా దానంతటదే సర్దుకుంటుంది. నీటితో పలుచన చేయగల అక్రిలిక్ పిల్లలకు అనుకూలం. లాకర్ త్వరగా ఆరి గట్టిగా పట్టుకుంటుంది గాని దాని వాసన ఘాటైనది. వానాకాలపు తేమలో లాకర్ వేసినచో పైన తెల్లని మసక ఏర్పడవచ్చును. కనుక పొడిగా ఉన్న రోజును ఎంచుకొనుట మంచిది.

పెద్ద తలాలపై సమంగా రంగు వేయుటకు గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్‌బ్రష్‌ను వాడతారు. కుంచెతో వేసేవారు చిక్కటి పూత ఒకటి కాక, పలుచని పూతలు రెండు మూడు వేయవలెను. లేత రంగులు ముందు, ముదురు రంగులు తరువాత వేయుట సాధారణ క్రమం.

అసలు విమానం రంగునే తెచ్చి నమూనాకు వేసినా అది మరీ ముదురుగా కనిపిస్తుంది. దూరపు వస్తువుల రంగును మధ్యలోని గాలి కొంత వెలిసినట్లు చూపుతుంది. చేతిలోని నమూనాకు ఆ దూరం ఉండదు. అందువలన రంగులో కొంచెం తెలుపు కలుపుతారు.

డికాల్స్, చివరి పూత

జాతీయ చిహ్నాలు, సంఖ్యలు డికాల్ రూపంలో ఉంటాయి. గరుకైన తలంపై అంటించినచో వాటి అడుగున గాలి చిక్కి వెండి రేకువలె మెరుస్తుంది. కనుక ముందుగా మెరుపు వార్నిష్ పూసి, డికాల్‌ను గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచి, కాగితంపై నుండి జార్చి అంటిస్తారు. తరువాత ప్రయోజనాన్ని బట్టి మెరుపులేని వార్నిష్ పూస్తారు.

సూక్ష్మాలంకరణ

కిట్‌లోని భాగాలకు అదనంగా వివరాలు చేర్చుటను సూక్ష్మాలంకరణ అనవచ్చును. ఓడల కమ్మీలు, నిచ్చెనల వంటివాటికి రసాయనంతో కొరికి చేసిన పలుచని ఇత్తడి రేకులు దొరుకుతాయి. ఖర్చులేని పద్ధతులు కూడా ఉన్నవి. మిగిలిపోయిన స్ప్రూ ముక్కను కొవ్వొత్తి మంటకు పైన, మంట తగలకుండా తిప్పుతూ మెత్తబడగానే రెండు చివరలు పట్టి లాగినచో వెంట్రుక వంటి సన్నని పోగు వస్తుంది. ఇది విమానాల ఏరియల్ తీగలకు, ఓడల తాళ్ళకు పనికివస్తుంది. పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది, మంట తగిలితే అంటుకుంటుంది. కనుక ఈ పని పెద్దల సమక్షంలోనే చేయాలి.

పలుచని ముదురు రంగును గీతలలోకి పారించి, పైతలాన్ని తుడిచినచో రేకుల అతుకులు స్పష్టమవుతాయి. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత రంగును అంచులపై రుద్దినచో అరుగుదల కనబడుతుంది. తుప్పు, మసి, బురద మరకలు కూడా ఈ విధంగానే వేస్తారు. ఇవి ఎక్కడ పడితే అక్కడ వేయదగినవి కావు. మసి పొగగొట్టం వెనుక, అరుగుదల కాళ్ళు తగిలే చోట, తుప్పు నీరు నిలిచే చోట ఉండాలి.

కిట్ లేకుండా ప్లాస్టిక్ రేకులు, పుల్లలతో మొత్తం నమూనాను సొంతంగా నిర్మించుటయు ఉన్నది. పలమనేరు పరిసర గ్రామంలోని ఎడ్లబండిని టేపుతో కొలిచి, చక్రం వ్యాసం 140 సెం.మీ. వచ్చినదనుకొన్నచో, 1/35లో అది సరిగా 4 సెం.మీ. అవుతుంది. ఆ లెక్కలోనే ఆకులు, ఇరుసు, కాడి కూడా చేయవచ్చును. ఇటువంటి వస్తువులకు కిట్లు రావు. కొలిచి పెట్టేవారు ఉంటేనే వాటి రూపం మిగులుతుంది.

అసలు వస్తువుల పరిశీలన

నమూనా నాణ్యత చేతి నేర్పుపై ఎంత ఆధారపడుతుందో, అసలు వస్తువును చూసిన చూపుపై అంతే ఆధారపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు అనువైన స్థలం విశాఖపట్నం రామకృష్ణా బీచ్.

ఐ.ఎన్.ఎస్. కుర్సురా: సోవియట్ యూనియన్‌లో నిర్మించిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరి 27న విరమించినది. 2002 ఆగస్టు నుండి బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్నది. పొడవు 91.3 మీటర్లు. 1/350లో 26 సెం.మీ., 1/700లో 13 సెం.మీ. అవుతుంది. నీటిలో ఉన్నప్పుడు ఎవరికీ కనబడని అడుగుభాగం, వెనుకనున్న మూడు ప్రొపెల్లర్ల అమరిక ఒడ్డుపై ఉన్నందువలన చూడగలుగుతున్నాము.

టి.యు.-142 విమానం: సముద్రంపై నిఘాకు వాడిన ఈ విమానాలు 1988 నుండి 2017 వరకు నౌకాదళంలో పనిచేసినవి. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించినారు. రెక్కల వెడల్పు 50 మీటర్లు. 1/72లో దాదాపు 69 సెం.మీ. అవుతుంది కనుక చాలామంది 1/144ను ఎంచుకుంటారు. నాలుగు ఇంజన్లకు ఒక్కొక్కదానికి ఎదురెదురు దిశలలో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, ఒక్కొక్కదానికి నాలుగేసి రెక్కలు, మొత్తం 32 ఉన్నవి. ముందు ప్రొపెల్లరు రెక్కల వాలు ఒక వైపు, వెనుకదాని వాలు మరొక వైపు ఉండుట గమనించవలెను. వీటిని తారుమారు చేసి అతికించుట నమూనాలలో తరచు కనబడే పొరపాటు.

ప్రదర్శనశాలలోని వస్తువు ఆకారానికి నమ్మదగిన సాక్ష్యమే గాని రంగుకు కాదు. ఆరుబయట ఉంచిన వాటికి రక్షణ కోసం మళ్ళీ మళ్ళీ రంగు వేస్తారు. సేవలో ఉన్ననాటి రంగులకు, గుర్తులకు ఆనాటి ఛాయాచిత్రాలనే చూడాలి.

పేరు ఒకటే అయినా రకాలు వేరుగా ఉండవచ్చును. 1971 యుద్ధంలో శ్రీనగర్ వద్ద నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందినది నాట్ విమానంపైనే. అది ఒక్కరు కూర్చునే యుద్ధవిమానం, రెక్కల వెడల్పు 6.73 మీటర్లు. ఎయిర్‌ఫిక్స్ 1/72 నాట్ కిట్ బ్రిటిషు వారి శిక్షణ రకానిది. దానిలో రెండు సీట్లు, 7.32 మీటర్ల వెడల్పు గల పెద్ద రెక్కలు ఉంటాయి. దానికి భారత వాయుసేన చక్రాలు అంటించినంత మాత్రాన సెఖోన్ విమానం కాదు. రెక్కలలో తేడా 1/72లో 8 మి.మీ. పైగానే ఉంటుంది. నాట్ నుండి భారతదేశంలో అభివృద్ధి చేసిన అజీత్ విమానానికి చెక్ దేశపు స్పెషల్ హాబీ సంస్థ 1/72 కిట్‌ను తెచ్చినది.

అసలు వస్తువు ఎల్లకాలం ఉండదు. 1971లో బంగాళాఖాతంలో పనిచేసిన విమానవాహక నౌక ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ 1997లో విరమించి, ముంబయిలో కొంతకాలం ప్రదర్శనశాలగా ఉండి, 2014లో తుక్కుగా విడదీయబడినది. అదే పేరుతో 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరినది వేరొక ఓడ. పాత విక్రాంత్‌ను ఇప్పుడు కొలిచి చూచుటకు వీలులేదు. చిత్రపటాలు, ఛాయాచిత్రాలు, వాటిని అనుసరించి చేసిన నమూనాలే మిగిలినవి.

జాగ్రత్తలు

ద్రావణి జిగురు, లాకర్, టర్పెంటైన్ ఆవిరులు తలనొప్పి, కళ్ళు తిరుగుట కలిగిస్తాయి. కిటికీలు తెరిచి, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి. ఎయిర్‌బ్రష్ వాడేటప్పుడు ఆవిరులను ఆపే మాస్కు అవసరం. సాధారణ గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు.
రెసిన్‌ను పొడిగా రుద్దరాదు. తడిపి రుద్దినచో ధూళి గాలిలోకి లేవదు.
పాత రంగు డబ్బాలలో సీసం ఉండే అవకాశమున్నది. కుంచె మొనను నోటితో తడిపే అలవాటు మానవలెను. భారతదేశంలో గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదనే నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చినది.
కత్తిని ఎల్లప్పుడు వేళ్ళకు దూరంగా నడపవలెను. మొద్దుబారిన కత్తి ఎక్కువ బలం కోరుతుంది గనుక దానితోనే ప్రమాదం ఎక్కువ.
ఎండలో నిలిపిన కారులో నమూనాను ఉంచరాదు. వేసవి వేడికి పలుచని భాగాలు వంగవచ్చును.

విద్యార్థులకు ఉపయోగం

నిష్పత్తి, వైశాల్యం, ఘనపరిమాణం వంటి గణిత భావనలు, ద్రావణీయత, ఆవిరగుట వంటి రసాయన విషయాలు, యంత్రాల నిర్మాణం, సమకాలీన చరిత్ర ఒకే పనిలో ఎదురగుట ఈ అభిరుచి ప్రత్యేకత. ఖరీదైన కిట్ లేకపోయినా స్కేలు బద్ద, అట్టముక్క, గరుకు కాగితంతో ఆరంభించవచ్చును. తరగతి గదిని కొలిచి 1/72లో అట్టతో చేసి, అందులో 2.3 సెం.మీ. మనిషిని నిలబెట్టినచో స్కేలు అంటే ఏమిటో వేరే పాఠం అవసరం లేకుండానే బోధపడుతుంది.

ఇవి కూడా చూడండి

కొండపల్లి బొమ్మలు
ఏటికొప్పాక బొమ్మలు
బొమ్మల కొలువు
పలమనేరు
ఐ.ఎన్.ఎస్. కుర్సురా
ఐ.ఎన్.ఎస్. విక్రాంత్
నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్